ముందు దీపం, తర్వాత మనిషి

'హామీలకు పాతర', 'నిబంధనలకు పాతర' అని పత్రికల్లో శీర్షికలు చూసినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆవిడ నోట ఆ మాటకు అర్థం వేరు. "ఈ ఏడు జొన్నలు పాతరేశాం" అందంటే ఇంటికి ధైర్యం వచ్చిందన్నమాట. వచ్చే ఏడు వాన మొహం చాటేసినా పిల్లల కంచాల్లో జొన్నన్నం ఉంటుందన్నమాట. భూమిలో దాచుకోవడానికి పెట్టిన మాట, భూమిలో పూడ్చి వదిలించుకోవడానికి ఎప్పుడు మారిందో గాని, మారిపోయింది. పాతరను కళ్లతో చూసినవాళ్లు తగ్గిపోయారు, అందుకే అయివుంటుంది. నేను చూశాను. తీస్తుంటే పక్కన నిలబడ్డాను. ఆ పని మొదటినుంచి చివరిదాకా ఎట్లా చేసేవారో ఒక్కచోట రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఇవాళ నరసరావుపేట నుంచి వినుకొండ మీదుగా మార్కాపురం దాకా, ఇటు అద్దంకి, దర్శి, పొదిలి దాకా తిరిగితే పత్తి, మిరప, పొగాకు, కంది. మా తాతయ్య వయసులో ఉన్నప్పుడు అదంతా జొన్న, సజ్జ, వరిగ, ఆరిక. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేరున చాటువులే ఉన్నాయి. కొండవీటి కొలువులో సన్నన్నం తిన్న నాలుకకు ఆ కూడు దిగలేదు. కాని ఈ మెట్ట నేలల మీద కడుపు నింపింది ఆ కూడే. ఒక ఏడు పండేది, రెండేళ్లు ఎండేది. పండిన ఏటి గింజ ఎండిన ఏటికి అందాలి. ఇంట్లో గాదె ఉంటుంది, పురి ఉంటుంది. కాని వాటికి ఎలుక ఉంది, ముక్కుపురుగు ఉంది, నిప్పు భయం ఉంది. దొంగ సంగతి చెప్పనక్కర్లేదు. నాలుగింటికీ ఒకటే జవాబు: నేల కింద పెట్టు.

నందననామ సంవత్సరం, అంటే 1832-33లో, గుంటూరు సీమ మీద పడ్డ కరువును మా వైపు పెద్దలు డొక్కల కరువనే చెప్పుకున్నారు. దాదాపు అయిదు లక్షల జనంలో లక్షన్నరకు తక్కువ కాకుండా పోయారు. ఆ రోజుల్లో గుంటూరులో కొలువు చేస్తున్న సి.పి. బ్రౌను దాన్ని కరువు అనే రాశాడు. పైవాళ్లకు 'కొరత' అన్న మెత్తటి మాట ఇష్టం. తర్వాత 1852లో అచ్చయిన ఆయన నిఘంటువులో పాతర అన్న మాటకు ధాన్యం దాచే నేలకొట్టు అనే అర్థం ఉంది. వదిలించుకోవడం అన్న అర్థం మన కాలానిది.

ఇక పని.

పాతరకు ముందు నేల చూడాలి. ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా. మన నల్లరేగడి పత్తికి బంగారం, పాతరకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఎండాకాలం రేగడి చేలో నడిస్తే పాదం దిగబడేంత నెర్రెలు. ఆ నెర్రెల్లోంచి గాలి దిగుతుంది, తొలకరిలో నీళ్లు దిగుతాయి. పాతరలోకి రాకూడనివి ఆ రెండే. అందుకని ఊరి ఎత్తు చూసుకుంటారు. గరప నేల, ఎర్ర గరువు, రేగడి కింద సుద్ద తగిలే చోటు మంచివి. పక్క బావుల్లో వానాకాలం నీళ్లు ఎంత పైకొస్తాయో అడిగి తెలుసుకుంటారు. పాతర అడుగు ఆ మట్టానికి బాగా పైన ఉండాలి. అనుమానం తీరడానికి ఒక పరీక్ష ఉంది. మోచేతి లోతు గుంట తీసి, కడవెడు నీళ్లు పోసి, పొద్దున్నే వచ్చి చూడాలి. నీళ్లు అట్లాగే నిలిచి ఉన్నా మంచిది కాదు, ఆ నేల తడి వదలదు. గుంట గోడలు జారి బురదైతే అసలే పనికిరాదు. నీళ్లు పోయి, గోడలు గట్టిగా, గీసిన గడ్డపార గాట్లు చెక్కుచెదరకుండా ఉంటే అది పాతర నేల. ఇంటి ముందరో, గొడ్లచావిడి పక్కనో, మనుషుల కళ్లు ఎప్పుడూ పడే చోటు దొరికితే ఇంకా మేలు. పొలంలో దూరంగా పెట్టిన పాతర పరాయివాడి కోసం పెట్టినట్టే.

ఇక్కడ ఒక్క నిమిషం దూరం పోయి వస్తాను. ఐర్లండులో, సుమారు వెయ్యి పన్నెండు వందల ఏళ్ల కిందట, మట్టికట్ట చుట్టుకున్న రైతుల లోగిళ్ల కింద రాతి సొరంగాలు కట్టేవారు. అట్లాంటివి మూడు వేలకు పైగా బయటపడ్డాయి. పొడుగాటి కందకం తవ్వి, రెండు వైపులా సున్నం, అడుసు లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైకి పోయేకొద్దీ గోడల్ని లోపలికి వంచి, మీద బండలు పరిచి, మళ్లీ మన్ను కప్పేవారు. నడుమ కావాలనే దారి ఇరుకు చేసేవారు. మనిషి బోర్లా పడి పాకితేగాని అవతలి గదిలోకి పోలేడు. మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మే దండులు ఊరి మీద పడితే పిల్లాజెల్లా అందులో దూరేవారు. మిగతా రోజుల్లో పాలు, వెన్న, తిండి సరుకు చల్లగా దాచుకునేవారు. అక్కడ భూమి ఎప్పుడూ తడి, అందుకని రాయి పెట్టక తప్పలేదు. వాటర్‌ఫర్డ్ ప్రాంతంలో డ్రమ్‌లోహన్ అనే చోట సొరంగం కప్పుకు పాత శాసనాల రాళ్లనే బండలుగా వాడారు. చేతికందిన రాయి, తలమీదికొచ్చిన అవసరం. మనకు ఆ తడి లేదు. ఎండ ఉంది, గడ్డి ఉంది, పేడ ఉంది. మన పాతర వాటితో కట్టింది. ఇంకో తేడా కూడా ఉంది. వాళ్ల సొరంగానికి గాలి కావాలి, అందులో మనుషులు ఉంటారు గనక. పాతరకు గాలి పనికిరాదు. ఈ ఒక్క తేడా మరిచిపోయినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి దాని చోట చెప్తాను.

పని కాలం కూడా నేలంత ముఖ్యం. జొన్నకోతలు మాఘ ఫాల్గుణాల్లో. కంకులు కళ్లానికి చేర్చి, ఎడ్లతో తొక్కించి, గాలి చూసి తూర్పారబట్టేసరికి చైత్రం వస్తుంది. అప్పుడు గింజను నేర్పి ఎండబోస్తారు. రెండు ఎండలు, మూడు ఎండలు అని లెక్క కాదు, పన్ను చెప్పాలి. గింజ పంటి కింద టప్పున పగలాలి. అణిగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే తేమ 12 శాతం దాటకూడదు. మా తాతయ్యకు ఆ అంకె తెలియదు. నోట్లో వేసుకుని కొరికి, "ఇంకో ఎండ చూపించండ్రా" అనేవాడు. ఎప్పుడూ ఒక ఎండ ఎక్కువే అడిగేవాడు.

గింజ కళ్లంలో ఎండుతుండగానే పాతర తవ్వుతారు. గడ్డపార, పార, తట్ట, తాడు, ఇద్దరు మనుషులు. పాతర కాగు ఆకారం. మూతి ఒక మనిషి భుజాలు పట్టేంత, కిందికి పోయేకొద్దీ కడుపు వెడల్పు. మూతి ఎంత చిన్నదైతే దాన్ని మూయడం అంత తేలిక, పాడయ్యే పై గింజ అంత తక్కువ. లోపల ఒకడు తవ్వి తట్టకెత్తితే పైవాడు తాడుతో లాగి దూరంగా పోస్తాడు. ఒకటిన్నర నిలువు లోతు మామూలు. పెద్ద రైతులు రెండు నిలువులకు పోయేవారు.

లెక్క కావాలనేవాళ్లకు లెక్క. కడుపు ఆరడుగుల వెడల్పు, లోతు ఎనిమిదడుగులు అనుకుందాం. చుట్టూ అరడుగు గడ్డి పోతే అయిదడుగులు మిగులుతుంది. కిందా పైనా గడ్డి పోతే లోతు ఏడు. మెడ దగ్గర సన్నబడే భాగం కూడా తీసేస్తే, నూరు కిలోల బస్తాల్లో పాతికకు అటూ ఇటూ పడతాయి. రోజుకు మనిషికి అరకిలో చొప్పున పదిమంది ఇంటికి ఏడాదికి పద్దెనిమిది బస్తాలు చాలు. మిగిలింది చుట్టానికి, పక్కింటికి, నాగుకు. నాగంటే ధాన్యం అప్పిచ్చి ధాన్యమే వడ్డీగా తీసుకోవడం. ఒక్క పాతర ఒక ఇంటికి ఏడాది, దాని పైన కొంత.

తవ్వగానే నింపరు. కొత్త పాతర గోడలు చెమ్మగా ఉంటాయి, ఎంత ఎండాకాలమైనా. జొన్నచొప్ప, కంది కట్టె, పొట్టు వేసి లోపల మంట పెడతారు. మంట ఆరాక రెండు రోజులు వదిలేసి మళ్లీ పెడతారు. గోడ ఎర్రబడి, వేలితో కొడితే పెంకు శబ్దం రావాలి. చెదలు, చీమలు, పాత బూజు అంతా ఈ మంటతో పోతుంది. ఆనక పేడ, మెత్తటి మన్ను, పొట్టు కలిపి గోడలంతా మెత్తుతారు. ఆడవాళ్ల పని ఇది. ఇల్లు అలికే చెయ్యే పాతరలోనూ ఆడుతుంది. మెత్తినది పగుళ్లిస్తే మళ్లీ పలచగా పూస్తారు. పూర్తిగా ఆరడానికి వారం పడుతుంది. ఈ వారాన్ని మిగుల్చుకుందామని తొందరపడ్డ ఇళ్లలో ఆ ఏడు నల్లబడ్డ జొన్నలే తిన్నారని నాయనమ్మ చెప్పేది.

ఈలోపల ముసలివాళ్లు వెంటి పేనుతుంటారు. వెంటి అంటే లావుపాటి గడ్డి మోకు, చేతి మణికట్టంత. డెల్టా నుంచి బండ్ల మీద వచ్చిన వరిగడ్డయితే మెత్తగా తిరుగుతుంది. అది దొరకని చోట వరిగ గడ్డి. ఒక పాతరకు వందల బారల వెంటి కావాలి. అరుగు మీద కూచుని, కాలి బొటనవేలికి చుట్టుకుని, మాటల్లో పడి పేనుతూ పోతుంటే పక్కన చుట్టలు చుట్టలుగా పెరుగుతుంది. మా ఇంట్లో ఆ పని తాతయ్యది, ఆయన పక్కన గడ్డి అందించే పని నాది.

నింపే రోజు మబ్బు ఉండకూడదు. మంచు ఆరాక మొదలుపెట్టాలి. కాలుతున్న గింజను నేరుగా పొయ్యకూడదు, నీడన ఆరబోసి చల్లారాక పొయ్యాలి. వేడి గింజ చల్లటి గోడకు తగిలితే చెమ్మ పడుతుంది. చలికాలం పొద్దున చెంబుకు పట్టే చెమ్మ లాంటిదే. అడుగున జానెడు మందం ఊక, దాని మీద ఎండుగడ్డి, నడుమ ఎండిన వేపాకు. ఒకడు లోపలికి దిగి గోడ పక్కన వెంటిని చుట్టుగా పరుస్తాడు. రెండు చుట్లు పరిచి, ఆ ఎత్తుకు జొన్నలు పోయిస్తాడు. కాళ్లతో తొక్కుతాడు. మళ్లీ రెండు చుట్లు, మళ్లీ జొన్నలు. వెంటి, గింజ, తొక్కుడు కలిసి పైకి లేస్తాయి, మనిషి కూడా వాటితోపాటే పైకి లేస్తాడు. ఈ తొక్కుడు మీద నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను, ఎందుకంటే చాలామంది దీన్ని చోటు కలిసిరావడానికి చేసేదనుకుంటారు. అదొక్కటే కాదు. గింజకూ గింజకూ మధ్య ఉన్న గాలి ఎంత తగ్గితే లోపలి పురుగుకు ఊపిరి అంత తక్కువ. మెడ దాకా వచ్చాక గింజను గోపురంలా పోగుచేసి, మీద మూరెడు గడ్డి, గడ్డి మీద పేడమట్టి, పైన నాపరాయి పలకో చెక్కో వేసి, ఆపైన తవ్వి తీసిన మన్నే దిమ్మిసతో కొట్టి దిబ్బలా ఎత్తు చేస్తారు. వాన నీరు ఆ దిబ్బ మీద నిలవకుండా నాలుగు వైపులా జారాలి. మొదటి వానకు దిబ్బ కుంగుతుంది, మళ్లీ మన్ను వేసి కొట్టాలి. ఏడాది పొడుగునా దాని మీద కన్ను ఉండాలి.

విత్తనం మాత్రం పాతరలో వెయ్యరు. పాతర గింజ తినడానికే, మొలవడానికి పనికిరాదు. విత్తనాల జొన్నలు బూడిద కలిపి కుండలో, వాసానికి వేలాడుతూ ఉంటాయి.

మూత పడ్డాక లోపల జరిగేది కంటికి కనపడదు. గింజ ప్రాణమున్న వస్తువు, అది ఊపిరి తీస్తుంది. వెంట వచ్చిన పురుగు ఊపిరి తీస్తుంది, గోడ పక్క బూజు ఊపిరి తీస్తుంది. ఆక్సిజన్ తగ్గుతూ, బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ పోతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది రెండు మూడు శాతానికి పడిపోయేసరికి పురుగు, దాని గుడ్డు, పిల్లపురుగు అన్నీ చస్తాయి. మందు లేదు, పొగ లేదు. పురుగు తన ఊపిరితో తనే ఆరిపోతుంది. సూడానులో ఇదే జొన్నను ఇట్లాగే గుంటల్లో పెట్టి మత్మూర అంటారు. ఇంగ్లండులో పీటర్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు బట్సర్ పొలంలో 1970ల్లో ఇనుపయుగం నాటి గుంటల్ని మళ్లీ తవ్వి, ధాన్యం పోసి చూసి, ఇదే సూత్రం పని చేస్తుందని చూపించాడు. ఇవాళ గాలి చొరని ప్లాస్టిక్ సంచుల్లో అపరాలు నిలవపెడుతున్నది కూడా దీని ఆధారం మీదే. మా తాతయ్య దీన్ని ఒక్క మాటలో చెప్పేవాడు: "లోపల ఊపిరాడదురా." పురుగు గురించే అంటున్నాడని అప్పుడు అనుకున్నాను.

నా పదేళ్ల వయసులో పాతర తీశారు. మా ఇంట్లో అదే ఆఖరిది. రెండేళ్ల పాతర. పొద్దున్నే దిబ్బ తవ్వి, పలక తీసి, పైగడ్డి లాగారు. పులిసిన వాసన ఒక్కసారి మొహానికి కొట్టింది. నేను ముందుకు వంగబోతే మా బాబాయి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ పూటంతా మూతి తెరిచి వదిలేశారు. పై గింజ తట్టలతో తోడినంత తోడి, మనిషి లోపలికి దిగాల్సిన లోతు వచ్చాక, తాతయ్య లాంతరు వెలిగించి తాడు కట్టి దించాడు. రొమ్ము లోతుకు పోయేసరికి మంట పొట్టిదై, నీలంగా మారి, ఆరిపోయింది. గాలి లేదు, ఊదినవాళ్లు లేరు. చీకటి గొంతులోంచి ఆరిన లాంతరు పైకి వచ్చింది.

"దిగమంటావా నాన్నా?" అన్నాడు బాబాయి.

"రేపు. ముందు దీపం, తర్వాత మనిషి."

మర్నాడు చేటలతో గంటసేపు గాలి విసిరారు. గోనెపట్టా ఒకటి తాడుకు కట్టి లోపలికి దించి పైకి లాగుతూ, లోపలి గాలిని కలియబెట్టారు. మళ్లీ లాంతరు. ఈసారి అడుగుదాకా వెలిగింది. అప్పుడు కూడా బాబాయి నడుముకు మోకు కట్టి, మోకు కొస ఇద్దరి చేతుల్లో పెట్టి, ఆయన మాట్లాడుతూనే ఉండాలని చెప్పి దించారు. లోపలినుంచి మాట ఆగితే ఏం జరిగిందని అడగకుండా లాగడమే.

ఎందుకంత జాగ్రత్తో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. బొగ్గుపులుసు వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గుంట అడుగున నీళ్లలా నిలుస్తుంది. గాలిలో అది పది శాతం దాటితే మనిషి కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. కేక పెట్టే వ్యవధి ఉండదు. పైన ఉన్నవాడు తమ్ముడో కొడుకో అవుతాడు, ఆగలేక దూకుతాడు, అతనూ పడిపోతాడు. పాతరల్లో పోయినవాళ్లు ఒక్కొక్కరుగా పోలేదు, ఇద్దరు ముగ్గురుగా పోయారు. పాడుబావిలో పూడిక తీసేవాళ్లు, మరుగుదొడ్డి గుంతలో దిగేవాళ్లు ఈనాటికీ అట్లాగే పోతున్నారు. దీపం గురించి కూడా నిజం చెప్పాలి. దీపం ఆరిందంటే దిగకూడదన్నది ఖాయం. దీపం వెలిగినంత మాత్రాన క్షేమమన్నది ఖాయం కాదు. మనిషికి ముప్పు తెచ్చేంత వాయువులో కూడా మంట కాసేపు వెలుగుతుంది. అందుకే ఆ విసరడం, ఆ మోకు, ఆ ఎడతెగని మాటలు. ఇవాళ అట్లాంటి గుంతలో దిగాల్సి వస్తే గాలి కొలిచే పరికరం, ఊపిరి గొట్టం ఉండాల్సిందే. లేకపోతే పని ఆగాలి.

తెరిచిన పాతరను సగంలో వదలడానికి లేదు. గాలి తగిలింది గనక మిగతా గింజకు రోజుల్లో పురుగు పడుతుంది. అందుకే మా వీధిలో ఒకరి పాతర తీస్తే పక్కవాళ్లు తమది ఆపుకునేవారు, బదులు పుచ్చుకునేవారు. గోడ వెంట నల్లబడి గడ్డకట్టిన గింజను, పై పొర గింజను విడిగా తీసి పారబోసేవారు. బూజు పట్టింది మనిషికీ వద్దు, గొడ్డుకూ వద్దు. నడుమ గింజ మాత్రం రంగు కాస్త మారి, గట్టిగా, శుభ్రంగా వస్తుంది. మూడు రోజులు ఎండలో పోసినా ఒక వాసన ఉంటుంది. అది జొన్నన్నం వండేటప్పుడు ఇల్లంతా తెలుస్తుంది. నాయనమ్మ దాన్ని కడిగి కడిగి వండేది, మజ్జిగ ఎక్కువ పోసి పెట్టేది. నాకు ఆ వాసన నచ్చలేదని మొహం తిప్పుకున్న రోజు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, నా కంచంలో అన్నం తన కంచంలో వేసుకుంది.

1967 ఆగస్టులో సాగరు కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తర్వాత మా వైపు నేల రంగు మారిపోయింది. వరి వచ్చింది, పత్తి వచ్చింది, మిరప వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పచ్చజొన్న పండించేవాడిని వెతుక్కోవాల్సి వచ్చింది. మిరపకాయ పాతరలో ఉండదు, రంగు పోతుంది. దానికి గుంటూరు చుట్టూ లేచిన శీతల గిడ్డంగులే పాతరలు. రైతులు వాటిని 'ఏసీ' అంటారు. "కాయ ఏసీలో పెట్టాం, ధర వస్తే తీస్తాం" అంటారు. మాట తీరు పాతరదే. అయితే పాతరకు కరెంటు బిల్లు, అద్దె, బస్తా రసీదు లేవు. కాపలా మాత్రం ఉంది.

చివరి పని ఒకటి మిగిలింది, దాన్ని చాలా ఇళ్లు చెయ్యలేదు. వాడకం మానేసిన పాతరను పూడ్చాలి. ఊరికే చెత్త పోసి వదిలితే కుళ్లి కుంగుతుంది. లోపలి గడ్డి, వెంటి మొత్తం తీసెయ్యాలి, ముందు దీపం చూసుకుని. మట్టి, గరప జానెడు జానెడు పోసి నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాలి, మూతిదాకా అట్లాగే రావాలి. మా చావిడి పక్క పాతరను అట్లా పూడ్చలేదు. పైన పలక వేసి మన్ను కప్పి వదిలేశారు. మిరప బస్తాల ట్రాక్టరు దాని మీదుగా పోతుంటే వెనక చక్రం సగందాకా దిగబడింది. బస్తాలు దించి, జాకీ పెట్టి, చక్రం పైకి తీసేసరికి సాయంత్రమైంది. కింద పగిలిన నాపరాయి, దాని కింద పొడిగా చీకటి. కుర్రాడొకడు ఎంత లోతుందో చూస్తానని మోకాళ్ల మీద వంగాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఇంట్లోంచి లాంతరు తెమ్మన్నాను.